నాలుగో చప్పుడు

పోయినవారం మనం పిచ్చుకను ఏడుపు మొహంతో గదిలోకి పంపించి తలుపు వేసేశాం. భోజనాల బల్ల మీద మూగనోము పట్టిన కంప్యూటరు, దాని పక్కన ఎవరూ తాగని టీ, బల్లకు అటువైపు ఏం చెయ్యాలో తోచక కూర్చుండిపోయిన అన్నయ్య. ఆ సంచిక అందనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం.

పిచ్చుకకు అసలు పేరు వేరే ఉంది గానీ, మాటలు వచ్చిన నాటి నుంచీ నోరు మూతపడకపోవడంతో ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది. పదకొండో ఏట జబ్బు చేసి చూపు పోయింది. నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు, రైలెక్కి ఒక రాత్రి ప్రయాణం చేస్తే చేరే నగరంలో, విశ్వవిద్యాలయంలో లా సీటు వచ్చింది. "వాదించడం కూడా నీకు ఎవరో నేర్పాలా!" అని అమ్మ నవ్వింది. నవ్వి, కొంగుతోనో చేతిగుడ్డతోనో కళ్ళు తుడుచుకుంది. పిచ్చుకకు ఆ తుడుచుకోవడం కూడా వినపడింది.

చిక్కల్లా కంప్యూటరుతోనే వచ్చింది. పిచ్చుకకు పుస్తకాలు చదివి వినిపించేది అదే. సీటు కోసం చదువుతున్న రోజుల్లో ఆమె ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి చచ్చిపోయింది. బాగుచేసే కొట్టతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది విప్పడం కళ్ళున్నవాళ్ళకే కష్టం, నీకెందుకమ్మా ఈ గోల" అన్నాడు. ఆ మాట పిచ్చుక కడుపులో పడి కుతకుత ఉడికింది. చేత్తో విప్పి, చేత్తో బిగించి, ఏ ముక్క పాడైందో చేత్తోనే కనిపెట్టగల పెద్ద కంప్యూటరు తానే తయారు చేసుకుంటానని పట్టుబట్టింది. ముక్కలన్నీ వచ్చాయి. అన్నయ్యతో ఒప్పందం కూడా కుదిరింది. అతను ఎదురుగా కూర్చోవాలి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకోవాలి, అడిగితేనే నోరు విప్పాలి. చెయ్యి మాత్రం అడిగినా కదపకూడదు.

శనివారమంతా చెమటోడ్చి బిగించి, సాయంత్రం మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, లోపల ఏదో మూడుసార్లు కీచుమంది, ఆ తర్వాత నిశ్శబ్దం. అక్కడ ఆగాం.

*

ఆదివారం పొద్దున పిచ్చుక కళ్ళు తెరిచేసరికే జవాబు ఆమె పక్కలో ఉంది.

రాత్రి ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక, ఆమె చేసిన పనంతా మనసులో మొదటినుంచి మళ్ళీ చేసింది. బోర్డు మీద ప్రాసెసరు, దాని మీద ఫ్యాను, బోర్డును క్యాబినెట్‌లో కూర్చోబెట్టి మరలు బిగించడం, ఆ తర్వాత ర్యామ్. ర్యామ్ అంటే దువ్వెనంత పొడవుండే పలచటి బద్దలు, రెండు. ఒక్కో బద్దను దాని గాడిలో నిలబెట్టి రెండు చివరలా నొక్కితే, అటొక కొక్కెం, ఇటొక కొక్కెం టక్కు టక్కుమని పడతాయి. రెండు బద్దలకు నాలుగు చప్పుళ్ళు రావాలి. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆమెకు మూడే వినపడుతున్నాయి. రెండో బద్దను నొక్కుతున్నప్పుడు అమ్మ వంటింట్లో గిన్నె జారవిడిచింది. ఆ మోతలో నాలుగోది కలిసిపోయిందనుకుంది. కలిసిపోవడం కాదు, అసలు రానేలేదు! బద్ద ఒక చివర గాల్లోకి లేచి ఉంది. అంతే. కీచుమన్నది అందుకే.

పిచ్చుకకు పక్క మీద ఒక్క గెంతు గెంతాలనిపించింది. చెప్పులు కూడా వెతుక్కోకుండా బయటికి నడిచింది. ఆ ఇంట్లో ఆమెకు కర్ర అక్కర్లేదు. నాన్న సరుకు ఓడల మీద వంటవాడిగా ఏళ్ళ తరబడి తిరిగి కొన్న మూడు గదుల ఇల్లు అది. ఏ గోడకు ఎక్కడ పెచ్చు లేచిందో, ఏ గడప దగ్గర కాలు ఎత్తాలో ఆమె ఒంటికి తెలుసు.

వంటింట్లో అమ్మ గుడ్లు వేయిస్తోంది. బల్ల దగ్గర ఎవరో కప్పులో చెంచా తిప్పుతున్నారు. తిప్పుతూనే ఉన్నారు. ఆ కప్పులో చక్కెర ఏనాడో కరిగిపోయి ఉంటుంది.

"అన్నయ్యా? ఆదివారం ఇంత పొద్దున్నే లేచావేంటి?"

"ఊరికే. మెలకువ వచ్చేసింది."

పిచ్చుక ఆ మాట పట్టించుకోలేదు. పక్కపలక తీసి ఉన్న క్యాబినెట్‌లోకి చెయ్యి పెట్టింది. ఫ్యాను తగిలింది, దాని పక్కన మొదటి బద్ద, ఆ పక్కన రెండోది. వేలు దాని అంచు వెంట మెల్లగా చివరి దాకా నడిచింది. లేచి ఉండాల్సిన చోటికి.

బద్ద లేచి లేదు. గాడిలో పూర్తిగా దిగి, కొక్కెం నిటారుగా, గట్టిగా మూసుకుని ఉంది.

నోటి దాకా తెచ్చుకున్న ముద్దను ఎవరో లాక్కున్నట్టయింది పిచ్చుకకు. వేలు అక్కడే ఉండిపోయింది. చెంచా తిప్పే చప్పుడు కూడా ఆగిపోయింది.

పిచ్చుక మీట నొక్కింది.

ఫ్యాన్లు లేచాయి. ఒకే ఒక్క పొట్టి కూత. కొంచెంసేపు ఏమీ లేదు. ఆ తర్వాత, చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌లోంచి తీసి ఇందులో పెట్టిన డ్రైవు మేలుకుని, ఆ ఇంట్లో అందరికీ తెలిసిన గొంతు ముక్కుతో పలికింది. ఏడాది పొడుగునా పడిశం వదలనివాడిలా మాట్లాడే ఆ యంత్రపు గొంతుకు పిచ్చుకే 'జలుబు మాస్టారు' అని పేరు పెట్టింది.

అమ్మ అట్లకాడతో సహా పరిగెత్తుకొచ్చింది. "పలికిందే! పలికింది! జలుబు మాస్టారే!" అంటూ పిచ్చుక భుజాలు పట్టుకుని ఊపేసింది. ఆ ఊపులోనే క్యాబినెట్ నెత్తిన కూడా నిమిరింది, చంటిపిల్లను నిమిరినట్టు. "నా తల్లే, నీ చేత్తో చేశావే!"

"అరే!" అన్నాడు అన్నయ్య. "చూశావా! నిన్న వేడెక్కి అలిగినట్టుంది. రాత్రంతా చల్లబడేసరికి దానంతట అదే దారికొచ్చింది."

అన్నయ్యకు అబద్ధమాడటం చేతకాదు. ఆడేటప్పుడు గొంతు ఒక మెట్టు పైకి ఎక్కి కూర్చుంటుంది. చిన్నప్పుడు బిస్కెట్లు తానే తినేసి పిల్లి మీద పెట్టినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

"అన్నయ్యా, నీ చేతులు ఎక్కడున్నాయి?"

"తొడల కింద. ఒప్పందం ఒప్పందమే కదా."

"ఇప్పుడు కాదు. రాత్రి."

వంటింట్లోంచి గుడ్డు మాడిన వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

"ఏమైందే?" అంది అమ్మ.

"రాత్రి దీన్ని ఎవరో ముట్టుకున్నారు."

"ఒక్క నొక్కు, పిచ్చుకా," అన్నాడు అన్నయ్య. గొంతు కిందికి దిగింది. "ఒకే ఒక్క నొక్కు. ఆ చివర కాస్త పైకి లేచి..."

"ఎక్కడ లేచి ఉందో నాకు తెలుసు! నాకు దొరికింది అన్నయ్యా! పక్క మీద పడుకునే పట్టుకున్నాను. నొక్కుదామని పరిగెత్తుకొచ్చాను. వచ్చి చూస్తే..." పిచ్చుక మాట మధ్యలో ఆగడం ఆ ఇంట్లో అరుదు.

"పోనీలేవే," అంది అమ్మ మెత్తగా. "ఎవరు నొక్కితే ఏం, పనిచేస్తోంది కదా."

"అక్కడ ఆగిపోతే ఎవరు నొక్కుతారమ్మా? రేపు పరీక్ష అనగా కీచుకీచుమని ఊరుకుంటే? అప్పుడు కూడా రాత్రికి రాత్రి దానంతట అదే దారికొస్తుందా?"

జలుబు మాస్టారు ఏదో చెప్పబోతుంటే పిచ్చుక ఆయన నోరు నొక్కేసింది. కంప్యూటరు ఆపి, వెనక నుంచి తీగ లాగేసింది. "ఒసేయ్ ఒసేయ్, పలుకుతున్నదాన్ని ఆపేస్తావేంటే!" అని అమ్మ మొత్తుకుంటూనే ఉంది. పిచ్చుక తువ్వాలు ఒకటి పరిచి, ముక్కలు ఒక్కొక్కటే విప్పి వరసగా పెట్టడం మొదలుపెట్టింది. మొదట డ్రైవు, తర్వాత పవర్ సప్లై నుంచి వచ్చే తీగలు, ఆ తర్వాత రెండు బద్దలూ. ప్రాసెసరు మీది ఫ్యానును మాత్రం ముట్టుకోలేదు. అది తీస్తే కింద వేడిని లాగే పూత మళ్ళీ పూయాలి. కోపంలో కూడా ఆ మాత్రం ఒళ్ళు తెలుసు ఆమెకు.

"మళ్ళీ మొదటినుంచి," అంది. "కూర్చో. చేతులు తొడల కింద."

"కూర్చునే ఉన్నాను."

"చెప్పు. అక్కడ ఆగిపోతే ఎవరు నొక్కుతారు?"

ఆమె జవాబు కోసం అడగలేదు. కోపం కొద్దీ అడిగింది. కానీ అన్నయ్య జవాబు చెప్పాడు.

"నేను."

"ఫోన్లోంచా?"

"కాదు. నేనుంటాను అక్కడ." కుర్చీ కిర్రుమంది. "ల్యాబులో మానేస్తున్నానని చెప్పేశాను. పోయిన సోమవారమే. ఆ ఊళ్ళో ఒక ల్యాబువాళ్ళు రమ్మన్నారు. యూనివర్సిటీ గేటుకి రెండు వీధుల అవతల ఒక గది కూడా మాట్లాడి పెట్టాను. నీతో చెబుదామనే అనుకుంటున్నాను, రోజూ."

పిచ్చుక చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది.

అన్నయ్య కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. పళ్ళ డాక్టరు అచ్చు తీసి పంపితే, దానికి సరిపోయే పళ్ళు మైనంతో మలిచి, పోత పోసి, ఒక్కో పన్నుకూ ఆ మనిషి వయసుకు తగ్గ రంగు కుదిర్చి పంపే పని. ఆ ల్యాబులో మొదటి ఏళ్ళన్నీ మూల చీకట్లో దీపం కింద పనిచేశాడు. కిటికీ పక్క బల్ల ఖాళీ అయి అతనికిచ్చిన రోజున ఇంటికొచ్చి చిన్నపిల్లాడిలా చెప్పాడు, పంటి రంగు చూడాలంటే పగటి వెలుతురుకు మించింది లేదని. వెలుతురంటే ఏమిటో మరిచిపోకుండా ఉండాలని పిచ్చుక అప్పుడప్పుడూ ఆ కిటికీ గురించే అడిగి చెప్పించుకునేది.

"నీ బల్ల?" అంది ఇప్పుడు.

"బల్లదేముంది. బల్లలు అన్ని చోట్లా ఉంటాయి."

"కిటికీ?"

కుర్చీ మళ్ళీ కిర్రుమంది.

పిచ్చుక అమ్మ అరుపు కోసం ఎదురుచూసింది. ఉన్న ఉద్యోగం వదిలేశానంటే అమ్మ ఇల్లు ఎగిరిపోయేలా అరవాలి. అమ్మ ఆసుపత్రిలో దుప్పట్ల గది చూస్తుంది. ఒక్క దిండుగలీబు తగ్గినా వార్డంతా వినపడేలా అడిగే మనిషి. కానీ వంటింట్లోంచి పొయ్యి ఆపిన చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

"నాకోసమా?" అంది పిచ్చుక.

"నీకోసమే అనుకున్నాను," అన్నాడు అన్నయ్య. "నిన్నటి దాకా."

"మరి?"

"రాత్రి దీని ముందు కూర్చున్నాను కదా. అప్పుడు అనుమానమొచ్చింది." అతను గొంతు సవరించుకున్నాడు. "నీ స్కూలు పుస్తకాలన్నీ ఎవరు చదివారు? నేనే కదా. ల్యాబు నుంచి వచ్చి, చేతులకున్న మైనం కడుక్కుని, నీ పక్కన కూర్చునేవాణ్ణి. చరిత్ర, సైన్సు, ఆ దిక్కుమాలిన ఆర్థికశాస్త్రం. చదువుతూ చదువుతూ నిద్రపోతే నువ్వు గిల్లేదానివి. ఇప్పుడు వీడొచ్చాడు, జలుబు మాస్టారు. నువ్వు వాణ్ణి ఎంత జోరుగా చదివిస్తావంటే, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటుంది నాకు. ఒక్క ముక్క అర్థం కాదు. నీ పక్కనే కూర్చుంటాను. నువ్వేం వింటున్నావో, దేనికి నవ్వుకుంటున్నావో తెలియదు. ఇక్కడే ఉండి ఎప్పుడో వెళ్ళిపోయినట్టుంటావ్."

పిచ్చుక స్క్రూడ్రైవరు తువ్వాలు మీద పెట్టింది.

"ఆ బద్ద లేచి ఉండటం రాత్రి చూశాను," అన్నాడతను. "నిజం చెప్తున్నా, వదిలేద్దామనే అనుకున్నాను. అలాగే ఉంటే రెండ్రోజులు చూసి నీకు విసుగెత్తుతుంది, 'ఇది పని కాదు గానీ అన్నయ్యా, నువ్వే చదివిపెట్టు' అంటావేమో అని. చాలాసేపు దానికేసి చూస్తూ కూర్చున్నాను."

"మరెందుకు నొక్కావ్?"

"లోపల నువ్వు ఏడుస్తుంటే వినపడింది."

పిచ్చుక లేచింది. కుర్చీల వీపులు చేత్తో తడుముకుంటూ బల్ల చుట్టూ తిరిగి అతని వెనక్కి వచ్చింది. రెండు చేతులూ అతని భుజాల మీద వేసి, గడ్డం తీసుకెళ్ళి అతని నడినెత్తిన ఆనించింది. చిన్నప్పుడు అతను ఆమెను చదివించేటప్పుడు అలా ఆనించేవాడు. ఇప్పుడు ఎత్తులు తారుమారయ్యాయి, అతను కూర్చుని ఉన్నాడు కాబట్టి. అతని జుట్టులోంచి ఎప్పుడూ వచ్చే వాసనే వస్తోంది, ల్యాబు మైనం వాసన.

"ఒక నిజం చెప్పనా? కోప్పడకూడదు."

"చెప్పు."

"నువ్వు చదువుతుంటే నేను సగం వినేదాన్నే కాదు."

అతని తల చటుక్కున కదిలింది. "ఏంటీ?"

"నీ గొంతు వింటుంటే హాయిగా ఉండేది. ఆ హాయిలో పాఠం ఎటో కొట్టుకుపోయేది. ఆర్థికశాస్త్రంలో అంత తక్కువ మార్కులు ఎందుకొచ్చాయనుకున్నావ్?"

"నీకు లెక్కలు రాక."

"కాదు, నీ వల్ల. రాజులు చచ్చిపోయే పాఠమైతే నువ్వు గొంతు మార్చి మార్చి చదివేవాడివి. అవన్నీ గుర్తున్నాయి. గిరాకీ, సరఫరా వచ్చేసరికి జోలపాటే." ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. నవ్వు గడ్డం కింద అదిరింది. "జలుబు మాస్టారి గొంతు వింటే నిద్ర రాదు, ఒళ్ళు మండుతుంది. ఒళ్ళు మండితేనే నాకు చదువు ఎక్కుతుంది. అందుకే వాడు కావాలి."

"సరే, వాణ్ణి తీసుకెళ్ళు. నన్ను కూడా తీసుకెళ్తే ఏం పోయింది?"

ఈసారి పిచ్చుక గొంతులో పోట్లాట లేదు.

"నువ్వు అక్కడుంటే నేను నిన్నే పిలుస్తానన్నయ్యా. నా సంగతి నాకు తెలుసు. అది కీచుమనగానే, ఎందుకు కీచుమందో ఆలోచించకుండా, 'అన్నయ్యా' అంటాను. నువ్వు పరిగెత్తుకొస్తావ్. చదువైపోయేదాకా అంతే. తర్వాత కోర్టులో జడ్జిగారి ముందు కూడా నువ్వే వచ్చి నొక్కాలి."

"వస్తాను. దానికేం."

"వస్తావు, అదే కదా నా బాధ!"

అన్నయ్య ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. తొడ కింది నుంచి తీసిన చెయ్యి. ఇద్దరూ ఒప్పందం మాట ఎత్తలేదు. "భయం లేదా నీకు?" అని అడిగాడు.

"ఉంది. ఆ రైలు తలుచుకుంటే చాలు. దిగాక ఎటు తిరగాలో, ఎవరి గొంతు ఎవరిదో, బాత్రూము ఎక్కడో. నిన్న ఏడ్చింది కంప్యూటరు పలకలేదని మాత్రమే అనుకున్నావా?" ఆమె అతని భుజం నొక్కింది. "కానీ ఈ భయం నాది. దీన్ని కూడా నువ్వే మోసేస్తే మోయడం నేనెప్పుడు నేర్చుకుంటాను?"

అతను ముక్కు ఎగబీల్చాడు.

"నవలలు మాత్రం వాడి చేతికివ్వను," అంది పిచ్చుక. "దొంగనీ పోలీసునీ ఒకే గొంతుతో చదువుతాడు వెధవ. ప్రేమలేఖ కూడా కరెంటు బిల్లులాగే చదువుతాడు. ఆదివారాలు ఫోన్ చేస్తాను, నువ్వు చదవాలి. మధ్యలో నిద్రపోయినా ఏమనను. గిల్లడానికి చెయ్యి అందదు కదా."

"ఎలాంటి నవలలు?"

"రాజులు చచ్చిపోయేవి."

"మేడం నా బల్లకి ఈపాటికి ఎవరినో చూసుకునే ఉంటుంది," అన్నాడు అన్నయ్య. మేడం అంటే ల్యాబు యజమానురాలు. కోపం వచ్చినా రాకపోయినా ఒకేలా మాట్లాడే మనిషి.

"అడిగితే పోయేదేముంది? రేపు పొద్దున్నే వెళ్ళి అడుగు."

అతను వెళ్తాననీ అనలేదు, వెళ్ళననీ అనలేదు. చెయ్యి మాత్రం మళ్ళీ తొడ కిందికి పోయింది. పిచ్చుకకు అది కుర్చీ గుడ్డ చప్పుడులో తెలిసింది. ఆమె తిరిగి తన చోటికి వచ్చి కూర్చుంది.

తీగలు బిగించింది. డ్రైవు బిగించింది. మొదటి బద్ద తీసుకుని, కింద ఉన్న గంటు ఎటుందో వేలితో చూసుకుని, గాడిలో నిలబెట్టి నొక్కింది. టక్కు. టక్కు. రెండోది నిలబెట్టింది. ఒక చివర టక్కుమంది. రెండో చివర నొక్కుతుంటే కింద బోర్డు కొద్దిగా వంగినట్టయింది. చెయ్యి చప్పున వెనక్కి వచ్చేసింది.

"అడగనా?" అంది.

"అడుగు."

"ఎంత గట్టిగా నొక్కాలి?"

"నువ్వు చాలు అనుకున్నదానికంటే ఇంకొంచెం గట్టిగా."

"విరిగితే?"

"విరగదు. బోర్డు కాస్త ఒంగుతుంది, మళ్ళీ లేస్తుంది. అది ఒంగగానే నువ్వు భయపడి చెయ్యి తీసేస్తున్నావ్. నిన్న కూడా అంతే చేసి ఉంటావు. నేను మొదటిసారి ఒక ముసలాయన పళ్ళసెట్టు అచ్చులోంచి ఊడదీసినప్పుడు గంటసేపు దాన్ని బతిమాలుకున్నాను. చివరికి మేడం వచ్చి ఒక్క గుద్దు గుద్దింది. ఊడి చేతిలోకొచ్చింది."

పిచ్చుక పెదవి కొరుక్కుని, బొటనవేలు బద్ద అంచు మీద పెట్టింది. నొక్కింది. బోర్డు ఒంగింది. చెయ్యి తియ్యలేదు. ఇంకొంచెం. వేలి కొస తిమ్మిరెక్కింది. ఇంకొంచెం.

టక్కు.

చిన్న చప్పుడే. కానీ ఆ గదిలో అప్పుడు ఇంకే చప్పుడూ లేదు. గుమ్మంలో నిలబడ్డ అమ్మ ఊపిరి బిగబట్టుకుని ఉందని, ఆ ఊపిరి ఒక్కసారిగా వదిలినప్పుడు గానీ పిచ్చుకకు తెలియలేదు.

మీట నొక్కింది. ఫ్యాన్లు లేచాయి, పొట్టి కూత వినపడింది, జలుబు మాస్టారు మేలుకున్నారు. ఈసారి ఎవరూ కేకలు పెట్టలేదు. పిచ్చుక రెండు అరచేతులూ క్యాబినెట్ పక్కల మీద ఆనించి, లోపలి వణుకును కాసేపు అలా పట్టుకుని కూర్చుంది. దాన్ని మెచ్చుకోవడం కాదు, తనను తాను నమ్ముకోవడానికి అంతసేపు పట్టింది.

తర్వాత మీటలు టకటకా నొక్కి ఏదో మార్చింది. జలుబు మాస్టారి జోరు తగ్గింది, ఇంకా తగ్గింది. చివరికి ఆయన బడిపిల్లలకు చెప్పినట్టు మాటమాటా విడదీసి పలకడం మొదలుపెట్టారు. విశ్వవిద్యాలయం వాళ్ళు ముందుగా చదువుకుని రమ్మన్న పుస్తకంలో మొదటి పాఠం అది. సాక్షి అంటే తాను స్వయంగా చూసిందో, విన్నదో చెప్పేవాడు అని ఉంది అందులో.

"విన్నదో అన్నాడు," అంది పిచ్చుక. "చాలు మనకి. అర్థమవుతోందా అన్నయ్యా?"

"అవుతోంది." అన్నయ్య బల్ల మీదికి వంగి వింటున్నాడు. రెండు వాక్యాలు విని, "పాపం, వీడికి నిజంగానే ముక్కు పట్టేసిందే," అన్నాడు.

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వులో మూడో గొంతు కలవలేదు. పిచ్చుక తల తిప్పింది.

"అమ్మా, నువ్వేంటి ఏమీ మాట్లాడవు? అన్నయ్య ఉద్యోగం మానేశానన్నా నోరెత్తలేదు. అరువమ్మా, భయమేస్తోంది నాకు."

కుర్చీ జరిగింది. అమ్మ కూర్చుంది. అమ్మ పగటిపూట కూర్చోవడమే ఒక వింత.

"వాణ్ణి నేనేమని అరవనే," అంది. "వాడు చేసిందే నేనూ చేశాను."

"నువ్వేం చేశావ్?"

"నాన్నతో కూడా మాట్లాడాను. ఓడ మీద నుంచి సరిగా వినపడలేదు గానీ, సరే అన్నాడు. నువ్వెళ్తే వీడు ఆగడని నాకు ముందే తెలుసు. ఇద్దరూ అక్కడ, నేనొక్కదాన్నీ ఇక్కడ ఈ గోడలతో ఏం మాట్లాడుకోను? అందుకని..." అమ్మ ఆగింది. చేతిగుడ్డను వేళ్ళకు చుడుతోంది, విప్పుతోంది. "ఇప్పుడు ఇలా మాట్లాడుకుంటారని నాకేం తెలుసు!"

వీధి తలుపు గంట మోగింది.

అన్నయ్య లేవబోయాడు.

"ఆగరా, తియ్యకు," అంది అమ్మ గాభరాగా. "వీళ్ళు చెప్పిన టైముకి ముందే వచ్చేశారు. ఇల్లు చూడ్డానికొచ్చారు."

"ఎవరిల్లు?" అంది పిచ్చుక.

గంట మళ్ళీ మోగింది. బయట ఎవరో చిన్నపిల్లలు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఆడుకుంటున్నారు, ఇదంతా అప్పుడే తమదైనట్టు.

"మనదే," అంది అమ్మ. "బయానా కూడా తీసేసుకున్నాను."